డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్స్ డే: పొద్దున పెట్టుకునే ఆకు నుంచి రాత్రి చివరి గ్లాసు దాకా

మార్చి నెల మొదలైతే చాలు, కొత్తగా డబ్లిన్ వచ్చిన మన పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, పదిహేడో తారీఖు టెంపుల్ బార్‌కి వెళ్దామా?" పబ్బులతో నిండిన పేట అది, వెళ్ళొద్దని నేను అనను. కానీ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, ఆ ఒక్క పేటా తిరిగి, రెండు పింట్లు తాగి ఇంటికొచ్చేస్తే పండగ చూసినట్టు కాదు. సంక్రాంతికి మన ఊరొచ్చిన చుట్టం కోడిపందేల బరి ఒక్కటి చూసి, గొబ్బెమ్మలూ అరిసెలూ చూడకుండానే బస్సెక్కేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఐర్లండ్ వాళ్ళకి ఇది ఇంటి పండగ, ఊరి పండగ. పొద్దున చర్చి, మధ్యాహ్నం ఊరేగింపు, తర్వాత ఇంట్లో భోజనం, సాయంత్రం పాట. తాగడం అందులో ఒక భాగం, అంతే. 1903 నుంచి ఇక్కడ ఇది సెలవు రోజు. 1927లో వచ్చిన చట్టం వల్ల 30 ఏళ్ళకు పైగా ఆ రోజు పబ్బులు మూసే ఉండేవి. అయినా పండగ జరిగింది. అందుకే ఆ రోజంతా ఎలా గడపాలో, ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న వరసలోనే చెప్తాను.

ముందు పాట్రిక్ ఎవరో తెలుసుకోండి, ఆ రోజు ఎవరైనా అడిగితే చెప్పగలిగేలా. 5వ శతాబ్దం మనిషి. పుట్టింది ఐర్లండ్‌లో కాదు, అప్పట్లో రోమన్ల పాలన చూసిన బ్రిటన్‌లో. పదహారేళ్ళ వయసులో ఐరిష్ దోపిడీ ముఠా ఎత్తుకొచ్చి బానిసను చేసింది. ఆరేళ్ళు పశువులు కాశాడు, పారిపోయి ఇల్లు చేరాడు. మళ్ళీ బిషప్‌గా, తనను బానిసను చేసిన దేశానికే తిరిగొచ్చాడు. ఈ సంగతులు ఆయన లాటిన్‌లో రాసుకున్న మాటల నుంచే మనకు తెలుసు. బయట నుంచి వచ్చిన మనిషిని ఈ దేశం ఇంతగా తన వాణ్ణి చేసుకుందన్న సంగతి, వీసా పట్టుకుని ఇక్కడ బతుకుతున్న నాకు ప్రతి మార్చిలోనూ ధైర్యంగా అనిపిస్తుంది.

వారం ముందు

మొదట షామ్రాక్ కొనండి. మార్చి రెండో వారం నుంచి సూపర్‌మార్కెట్లలో, పూల దుకాణాల్లో చిన్న కుండీల్లో దొరుకుతుంది. చూడగానే మన పులిచింతాకు గుర్తొస్తుంది: సన్న కాడ, దాని కొసన మూడు చిన్న ఆకులు. దేవుడు ఒక్కడే అయినా తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఎలా ఉన్నాడో చెప్పడానికి పాట్రిక్ ఈ ఆకునే చూపించాడని కథ. మారేడు దళాన్ని మన ఇళ్ళలో ఎంత గౌరవంగా కోస్తారో తెలిసినవాళ్ళకి ఈ ఆకు మీద వీళ్ళకున్న ప్రేమ ఇట్టే అర్థమవుతుంది. ఒక జాగ్రత్త. నాలుగు ఆకులున్న బొమ్మ వేసిన టీషర్టు కొనొద్దు. అది అదృష్టానికి గుర్తు, షామ్రాక్ కాదు. ఇక్కడివాళ్ళు ఆ తేడా ఇట్టే పట్టేస్తారు.

పండగ పేరు కూడా సరిగ్గా పలకండి. ముద్దుగా పిలవాలంటే "పాడీస్ డే". "ప్యాటీస్ డే" అనొద్దు. పాట్రిక్‌కి ఐరిష్ భాషలో పాడ్రిగ్ అని పేరు, దాన్నుంచే పాడీ వచ్చింది. శుభాకాంక్షలు ఐరిష్‌లో చెప్పాలనుంటే "లా ఏల్యా పాడ్రిగ్ సునా డిచ్" అనండి. పలుకుబడి ప్రాంతానికో రకంగా ఉంటుంది, తప్పు పోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మార్చి 1 నుంచి 17 దాకా ఐరిష్ భాషా ఉత్సవాలు కూడా జరుగుతాయి కాబట్టి, ఆ రోజుల్లో మీరు రెండు ముక్కలు ప్రయత్నిస్తే ఎదుటివాళ్ళ మొహం వెలిగిపోతుంది.

ఇక ఏ ఊరి ఊరేగింపుకి వెళ్ళాలో తేల్చుకోండి. డబ్లిన్ ఊరేగింపు పెద్దది, లక్షల్లో జనం వస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన బ్యాండ్లు, పెద్ద పెద్ద బొమ్మలు, వేషాలు ఉంటాయి. కానీ చిన్న పిల్లలుంటే నేను శివారు ఊళ్ళనే చూపిస్తాను. స్వోర్డ్స్, బ్రే లాంటి చోట్ల స్కూలు పిల్లలు, హర్లింగ్ ఆడే కుర్రాళ్ళు, ట్రాక్టర్లు, ఫైరింజన్లు, అక్కడ స్థిరపడ్డ అన్ని దేశాలవాళ్ళూ నడుస్తారు. చాలా ఊళ్ళలో భారతీయులు కూడా చీరలు, కుర్తాల్లో కనిపిస్తారు. మీ పక్కింటి పాప డప్పు కొడుతూ వెళ్తుంటే పేరు పెట్టి పిలవగలిగే ఊరేగింపు అది. నిద్ర త్యాగం చేయగలిగితే కెర్రీ జిల్లాలోని డింగిల్‌కి వెళ్ళండి. అక్కడ పొద్దున 6 గంటలకే, చీకట్లోనే బ్యాండు మేళంతో బయల్దేరతారు. ఊరు దాటి వెళ్ళాలంటే రైలు టికెట్టు, బస ముందే చూసుకోండి, చివరి వారంలో దొరకవు.

ముందు రోజు రాత్రి: పొయ్యి మీద స్ట్యూ

ఇంట్లో వండకుండా ఈ పండగ చేసుకోవద్దని నా గట్టి మాట. ఊరేగింపు నుంచి చలికి వణుకుతూ ఇంటికొస్తే వేడి గిన్నె సిద్ధంగా ఉండాలి. ఐరిష్ స్ట్యూ మరునాటికి ఇంకా బాగుంటుంది కాబట్టి 16 రాత్రే చేసి పెట్టుకోండి.

నలుగురైదుగురికి ఒక కిలో లాంబ్ తీసుకోండి. మెడ ముక్కలు గాని, జబ్బ ముక్కలు గాని, ఎముకతో ఉన్నవే అడగండి, రుచంతా ఆ ఎముకలోనే ఉంటుంది. హలాల్ దుకాణంలో మన మాటల్లోనే చెప్పి కొట్టించుకోవచ్చు. ఒక కిలో బంగాళాదుంపలు, మూడు పెద్ద ఉల్లిపాయలు, మూడు క్యారెట్లు, రెండు రెమ్మలు థైమ్, కొంచెం పార్స్లీ, ఉప్పు, మిరియాలు. అంతే. క్యారెట్ వేయొచ్చా వేయకూడదా అని ఇక్కడి ఇళ్ళలో వాదనలు నడుస్తాయి. నేను వేస్తాను, ఆ తీపి నాకిష్టం.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో మాంసం, ఉల్లిపాయలు, సగం దుంపలు సన్నగా తరిగి వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, మరుగు వచ్చాక పైన తేలిన నురగ తీసేయండి. థైమ్, ఉప్పు, మిరియాలు వేసి మూత పెట్టి సన్న సెగ మీద ఒక గంట ఉంచండి. ఆ సన్నగా తరిగిన దుంపలు కరిగిపోయి పులుసు చిక్కబడుతుంది, పిండి కలపక్కర్లేదు. తర్వాత మిగిలిన దుంపలు పెద్ద ముక్కలుగా, క్యారెట్లతో కలిపి వేసి ఇంకో 40 నిమిషాలు. మాంసం ఎముక నుంచి తేలిగ్గా విడిపోతే అయినట్టే. పార్స్లీ వడ్డించేటప్పుడు చల్లండి.

ఇక్కడ మీ చెయ్యి మసాలా డబ్బా వైపు వెళ్తుంది. ఈ ఒక్క రోజుకి ఆపండి. అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేస్తే అది మంచి మటన్ పులుసు అవుతుంది, ఈ వంట మాత్రం కాదు. లాంబ్, దుంప, ఉల్లి ఈ మూడు రుచులే ఒకదానిలో ఒకటి దిగడం ఇందులో గొప్ప. పక్కన ఆవకాయ పెట్టుకుంటే తప్పులేదు.

మాంసం తినని వాళ్ళకి కోల్‌కానన్ చేయండి. ఉడికించిన దుంపలు మెత్తగా మెదిపి, వేడి పాలు, ఉప్పు, మిరియాలు, సన్నగా తరిగి ఉడికించిన కేల్ గాని క్యాబేజీ గాని కలపాలి. గిన్నెలో కుప్పగా పోసి మధ్యలో గుంట చేసి పెద్ద వెన్నముద్ద పెట్టాలి. వెన్న కరిగి ఆ గుంటలో నిలుస్తుంది, అంచుల నుంచి ముద్ద తీసి అందులో ముంచుకుని తింటారు. ముద్దపప్పులో నెయ్యి గుంట గుర్తొచ్చి నా కొడుకు ప్రతిసారీ ఇదే అడుగుతాడు. క్యాబేజీ బదులు ఉల్లికాడలు వేస్తే దాని పేరు చాంప్.

బయట తినేవాళ్ళకి రెండు మాటలు. కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ ఈ పండగ వంట అని అమెరికా నుంచి వచ్చిన మాట. అక్కడికి వలస వెళ్ళిన ఐరిష్ వాళ్ళు అక్కడ దొరికిన దానితో చేసుకున్నారు. ఐర్లండ్ ఇళ్ళలో పాతకాలం నుంచి ఉన్నది బేకన్, క్యాబేజీ. ఉప్పులో ఊరిన పంది మాంసం ఉడికించి, ఆ నీళ్ళలోనే క్యాబేజీ ఉడికించి, పార్స్లీ వేసిన తెల్ల సాస్‌తో పెడతారు. పంది మాంసం తినని వాళ్ళు పొద్దుటి ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర కూడా జాగ్రత్త పడాలి: సాసేజీలు, రాషర్లు (పల్చటి బేకన్ ముక్కలు) మామూలుగా పందివే, బ్లాక్ పుడింగ్‌లో రక్తం ఉంటుంది. గుడ్లు, టమాటా, పుట్టగొడుగులు, రొట్టె మాత్రమే ఇమ్మంటే సంతోషంగా ఇస్తారు.

పదిహేడు పొద్దున: సోడా రొట్టె

లేవగానే ఓవెన్ 200 డిగ్రీలకి పెట్టండి. 450 గ్రాముల పిండి తీసుకోండి, సగం మైదా, సగం ముతక గోధుమ పిండి. ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా. ఇక్కడి దుకాణాల్లో దాని పేరు బ్రెడ్ సోడా. గడ్డలు లేకుండా జల్లించి కలపండి, లేకపోతే రొట్టెలో పసుపు మచ్చలు పడి చేదెక్కుతుంది. పుల్ల మజ్జిగ 400 మి.లీ. దాకా పడుతుంది. బటర్‌మిల్క్ అని డబ్బాల్లో అమ్ముతారు, లేకపోతే పులిసిన పెరుగు పల్చగా చిలికి వాడండి. మజ్జిగలో పులుపు, సోడా కలిస్తేనే పిండి పొంగుతుంది, ఈస్ట్ అక్కర్లేదు.

పిండి మధ్యలో మజ్జిగ పోసి వేళ్ళు విడదీసి గుండ్రంగా తిప్పుతూ కలపండి. చపాతీ పిండిలా పిసకొద్దు. పిసికితే రాయి అవుతుంది. అతుక్కునే ముద్దగా ఉండగానే పొడిపిండి మీద వేసి గుండ్రంగా సర్ది, కత్తితో పైన లోతుగా శిలువ గాటు పెట్టండి. లోపలికి వేడి వెళ్ళడానికి అది పనికొస్తుంది, ఇంట్లోంచి దెయ్యాలు పోవడానికని పాతవాళ్ళు చెప్తారు. 40, 45 నిమిషాల తర్వాత బయటికి తీసి తిరగేసి అడుగున తట్టండి. బోలుగా శబ్దం వస్తే ఉడికినట్టు. బట్టలో చుట్టి ఉంచితే పైపొర మెత్తబడుతుంది. ఉప్పు వెన్న మందంగా రాసుకుని ఆ పూటే తినాలి.

రొట్టె ఓవెన్‌లో ఉన్నంతసేపూ తయారవండి. షామ్రాక్ రెమ్మ ఒకటి కోసి కాడలకి తడి దూది చుట్టి ఎడమవైపు కోటుకి పిన్నుతో పెట్టుకోండి. ఆ రోజు పెద్దవాళ్ళు చాలామంది పెట్టుకునేది ఇదొక్కటే. ఎర్ర గడ్డం, పొడుగు టోపీ వేషం ఎక్కువగా టూరిస్టులది. క్రైస్తవులైతే పొద్దున చర్చిలో మాస్ ప్రార్థనకి వెళ్ళండి, ఐర్లండ్ కాథలిక్కులకి ఇది తప్పనిసరిగా గుడికి వెళ్ళాల్సిన రోజు. పండగ ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస కాలం మధ్యలో వస్తుంది కాబట్టి, నలభై రోజులు చాక్లెట్ మానేస్తామని ఒట్టు పెట్టుకున్న పిల్లలకి ఈ ఒక్క రోజూ ఆ ఒట్టు సడలిస్తారు. పక్కింటి పిల్లలకి చాక్లెట్ ఇవ్వడానికి ఇంతకంటే మంచి రోజు లేదు.

ఊరేగింపు దగ్గర

డబ్లిన్ ఊరేగింపు మధ్యాహ్నం 12కి పార్నెల్ స్క్వేర్ దగ్గర మొదలవుతుంది. ఓకానెల్ స్ట్రీట్, వంతెన, కాలేజ్ గ్రీన్, డేమ్ స్ట్రీట్, క్రైస్ట్‌చర్చ్ మీదుగా సెయింట్ పాట్రిక్స్ కథీడ్రల్ వైపు వెళ్తుంది. మొదటి ఏడాది మేము పావు తక్కువ పన్నెండుకి ఓకానెల్ స్ట్రీట్‌కి చేరాం. మాకు కనిపించింది ముందువాళ్ళ వీపులే. అయిదేళ్ళ పిల్లాడిని రెండు గంటలు మా ఆయన భుజాల మీద మోశాడు. అప్పటి నుంచి పదిన్నర దాటకుండా అక్కడ ఉంటాం. క్రైస్ట్‌చర్చ్ వైపు నిలబడితే ఊరేగింపు ఆలస్యంగా వస్తుంది, కానీ చోటు కాస్త నయం. వీధి మలుపు తిరిగే చోటు దొరికితే వదలొద్దు, బ్యాండు మీ వైపే నడిచి వస్తున్నట్టు కనిపిస్తుంది.

మార్చిలో ఇక్కడ పగలు 8, 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గాలి, మధ్యలో జల్లు, వెంటనే ఎండ. గొడుగు తీయొద్దు, వెనకవాళ్ళకి అడ్డం. టోపీ ఉన్న రెయిన్ జాకెట్, లోపల రెండు పొరలు, మందం సాక్సులు చాలు. తినడానికి డబ్బాలో పులిహోర పెట్టుకోండి, చల్లారినా బాగుంటుంది, చెంచా కూడా అక్కర్లేదు. మేము పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా పెడతాం. ఆ రెండు గంటల్లో అయిన స్నేహం ఒకటి మాకు ఇప్పటికీ ఉంది. పిల్లల ముంజేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. అంత జనంలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు, తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. టెన్షన్ పడకుండా దగ్గర్లో ఉన్న గార్డా పోలీసుకి చెప్పండి.

ఆ రోజు బస్సులు ఆదివారం టైమ్‌టేబుల్ ప్రకారం నడుస్తాయి. ఊరి మధ్యలో దారులు మళ్ళిస్తారు, లువాస్ ట్రామ్ కూడా మధ్యలో ఆగుతుంది. నడిచి వెళ్ళగలిగే చోట ముందే దిగిపోండి.

ఊరేగింపు అయ్యాక జనం పబ్బుల వైపు తిరిగే వేళకి మీరు కథీడ్రల్ వైపు నడవండి. పాట్రిక్ అక్కడి బావి దగ్గర బాప్తిస్మం ఇచ్చాడని చెప్పుకుంటారు, పక్కనే పార్కు ఉంది. లేకపోతే డార్ట్ రైలెక్కి అరగంటలో హౌత్‌కి వెళ్ళండి. రేవులో సీల్స్ తల ఎత్తి చూస్తుంటాయి, కొండ అంచున సముద్రం పక్కన నడక దారి ఉంది. గాలి గట్టిగా ఉంటే కొండ ఎక్కకుండా రేవు గోడ వెంట నడిచి చేపలు, చిప్స్ తిని వచ్చేయండి. పిల్లలకి పరుగెత్తే చోటు కావాలంటే ఫీనిక్స్ పార్క్, 700 హెక్టార్లకి పైనే. జింకలుంటాయి, వాటికి తిండి పెట్టొద్దు, దగ్గరికి వెళ్ళొద్దు.

పబ్బులో ఎలా మసలుకోవాలి

సాయంత్రం ఇంట్లో స్ట్యూ తిన్నాకే పబ్బుకి వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్ళడం అన్నిటికంటే పెద్ద తప్పు. 18 నిండినట్టు చూపే కార్డు దగ్గర ఉంచుకోండి. పిల్లలతో వెళ్తే రాత్రి 9 లోపు బయటికి రావాలి, అది చట్టం.

టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, బార్ దగ్గరికి వెళ్ళి మీరే అడగాలి. గిన్నిస్ అనే నల్ల బీరు (ఈ రకం బీరుని స్టౌట్ అంటారు) అడిగితే ముప్పావు గ్లాసు పోసి పక్కన పెడతారు. అది అయిందనుకుని అందుకోవద్దు. నురగ పైకి తేరుకుని లోపల నల్లబడ్డాక మిగిలింది నింపుతారు. మొత్తం దాదాపు రెండు నిమిషాలు. ఆర్థర్ గిన్నిస్ 1759లో సెయింట్ జేమ్స్ గేట్ దగ్గర స్థలం 9,000 ఏళ్ళకి లీజుకి తీసుకున్నాడు, అంత ఓపికున్నవాళ్ళ సరుకు అది. బీరు తేటపడడానికి ఒకప్పుడు చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడేవారు, ఇప్పుడు వాడట్లేదు, శాకాహారులు సందేహపడక్కర్లేదు. కార్క్ వైపు వెళ్తే మర్ఫీస్, బీమిష్ అనే స్టౌట్లు తాగుతారు. ఆకుపచ్చ రంగు బీరు అడగొద్దు, అది అమెరికా అలవాటు. కార్ బాంబ్ అనే పేరున్న కాక్‌టెయిల్ అసలే అడగొద్దు. ఈ దీవిలో నిజం బాంబులకి ఇంటి మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

రౌండ్ల పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం. నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కోసారి నలుగురికీ కొంటారు. ఇతరుల రౌండులో తాగి మీ వంతు వచ్చేసరికి వెళ్ళిపోతే చెడ్డపేరు వస్తుంది, బయటికి ఎవరూ అనరు, గుర్తుంచుకుంటారు. నాలుగు తాగలేననుకుంటే మొదట్లోనే "నాది నేను తెచ్చుకుంటాను" అని చెప్పేయండి, లేదా మీ వంతుకి మద్యం లేని జీరో స్టౌట్ తెప్పించుకోండి. ఒక పింట్ స్టౌట్‌లో మద్యం శరీరం నుంచి పోవడానికి ఉజ్జాయింపుగా రెండు గంటలు పడుతుంది. ఈ లెక్క కుర్రాళ్ళు గుర్తుంచుకోవాలి, మరునాడు పొద్దున కారు తీసేటప్పుడు కూడా. వీధిలో డబ్బా పట్టుకుని తాగడం డబ్లిన్‌లో నిషేధం. ఎవరికైనా బాగోలేకపోతే 112 గాని 999 గాని.

ఇంట్లోనే ఉండి ఏదైనా చేయాలనుంటే ఐరిష్ కాఫీ చేయండి. 1940లలో ఫోయిన్స్ విమానాశ్రయంలో చలికి వణుకుతూ దిగిన ప్రయాణికుల కోసం జో షెరిడన్ అనే వంటాయన కలిపాడు. వేడి గ్లాసులో రెండు చెంచాల బ్రౌన్ షుగర్, 35 మి.లీ. ఐరిష్ విస్కీ, స్ట్రాంగ్ కాఫీ వేసి కలపాలి. కొద్దిగా గిలకొట్టిన మీగడని చెంచా వీపు మీదుగా మెల్లగా పైన పోయాలి. కలపొద్దు. చల్లటి మీగడ గుండా వేడి కాఫీ రావాలి.

సెషన్

నాకు ఈ పండగలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ లాంటి పబ్బుల్లో మూల బల్ల చుట్టూ ఫిడేలు, ఫ్లూటు, ఇలెన్ పైప్స్, బౌరాన్ అనే డప్పు పట్టుకుని మనుషులు కూర్చుంటారు. స్టేజీ లేదు, టికెట్టు లేదు. దాని పేరు సెషన్. ఆ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ కనిపించినా కూర్చోవద్దు, అది వాయించేవాళ్ళది. వాయిద్యాలు నడుస్తుంటే మెల్లగా మాట్లాడుకోవచ్చు. ఎవరైనా ఒంటరిగా గొంతెత్తి పాడడం మొదలుపెడితే మాత్రం గ్లాసు కూడా కదపకండి. పబ్బంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోతుంది. ఊళ్ళో భజన జరుగుతుంటే వీధి అరుగు మీద కూర్చుని విన్న చిన్నతనం నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఎవరైనా ఇంటికి పిలిస్తే ఇంకా అదృష్టం. వైన్ సీసానో, స్వీటు డబ్బానో పట్టుకెళ్ళండి. ఉగాది కూడా ఈ రోజుల్లోనే వస్తుంది, 2018లో మరునాడే వచ్చింది. అలాంటి ఏడాది బొబ్బట్లు చేసి తీసుకెళ్తే మీ పండగ గురించి కూడా అడుగుతారు. భోజనాలయ్యాక పాటలు మొదలవుతాయి. పాడినవాళ్ళు తర్వాత ఎవరు పాడాలో పేరు పెట్టి పిలుస్తారు, దాన్ని నోబుల్ కాల్ అంటారు. మీ పేరు పిలిస్తే రాదని తప్పించుకోకండి. ఒక జానపదం, నాట్ల పాట, అమ్మ పాడిన లాలిపాట, ఏదైనా సరే ముందే అనుకుని ఉండండి. భాష అర్థం కాకపోయినా రెండో చరణానికి బల్ల మీద తాళం వేస్తారు. నేను పాడిన రోజు ఇంటి పెద్దాయన ఆ పాట అర్థం చెప్పమని అడిగి, మళ్ళీ పాడించుకున్నారు. తర్వాత ఎవరు పాడాలో పిలవడం మాత్రం మర్చిపోవద్దు, ఆ హక్కు ఇప్పుడు మీదే.

రాత్రి బయల్దేరే ముందు కోటుకి పెట్టుకున్న షామ్రాక్ తీసి చివరి గ్లాసులో వేస్తారు. గ్లాసులో ఏముందన్నది మీ ఇష్టం, నాది ఆపిల్ జ్యూసే. "స్లాంచా" (ఐరిష్‌లో ఆరోగ్యం అని) అంటూ అందరి గ్లాసులూ తాకించి తాగి, అడుగున మిగిలిన ఆకుని ఎడమ భుజం మీదుగా వెనక్కి విసరాలి. ఆ తర్వాత కోటు వేసుకోండి, ఆదివారం టైమ్‌టేబుల్ కదా, చివరి బస్సు మామూలు కంటే ముందే వెళ్ళిపోతుంది.